మిలిటరీ అబ్బ కథ రాయాలంటే: యుద్ధఖైదీగా ఉండి వచ్చినవాళ్ల ఇంటివాళ్లకు

రాయలసీమలో ఏ ఊరికి పోయినా ‘మిలిటరీ ఆయన ఇల్లు’ అని ఒకటి ఉంటుంది. ఆయన ఎప్పుడో పోయింటాడు, ఇంటికి ఆ పేరు మాత్రం మిగిలిపోయింటుంది. అట్లాంటివాళ్లలో కొందరు యుద్ధంలో శత్రువుకు పట్టుబడి, నెలలో ఏళ్లో క్యాంపుల్లో ఉండి వచ్చినవాళ్లు. వాళ్ల గురించి ఊళ్లో సంగతి అటుంచి, ఇంట్లోనే ఎవరికీ సరిగ్గా తెలియదు. వర్ధంతికి ఏదన్నా చేద్దామనో, పిల్లలకు నాలుగు పేజీలు రాసి పెడదామనో కూర్చుంటే చేతిలో ఒక మాసిపోయిన ఫొటో, రెండు మెడల్స్, ‘చైనావాళ్లు పట్టుకుపోయినారంట’ అనే ఒక్క ముక్క తప్ప ఏమీ ఉండదు. అక్కడి నుంచి ఎట్లా మొదలుపెట్టాలో రాస్తున్నా. మాది ప్రొద్దుటూరు దగ్గర ఊరు, మా అబ్బ, అంటే తాత, 1962 చైనా యుద్ధంలో పట్టుబడి మరుసటి ఏడు తిరిగొచ్చాడు. ఆయన కోసం తిరిగినప్పుడు తెలిసినవి, తర్వాత ఇంకొన్ని ఇళ్లవాళ్లకు కాగితాలు వెతికిపెట్టినప్పుడు తెలిసినవి, అన్నీ కలిపి చెప్తున్నా.

ముందే ఒక మాట. ఖైదులో గడిచిన కాలం కాగితాల మీద దాదాపు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీని సినిమా డైలాగులతో నింపాలనే ఆత్రం అందరికీ ఉంటుంది, కొడుకులకు కొంచెం ఎక్కువ ఉంటుంది. నింపొద్దు. చుట్టూ ఉన్నది గట్టిగా కనుక్కుంటే చాలు, ఆ ఖాళీ ఎంత పెద్దదో చదివేవాళ్లకు దానంతటదే తెలుస్తుంది.

నంబరు, యూనిట్

మొదట కావాల్సింది సర్వీస్ నంబరు. పేరుతో వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే అప్పట్లో రిక్రూటింగ్ చేసినవాళ్లకు మన పేర్లు నోరు తిరగక తోచినట్టు రాసుకున్నారు, ఇంటిపేరు ఒక చోట ముందుంటే ఇంకో చోట అసలే ఉండదు. నంబరు మాత్రం మారదు. అది డిశ్చార్జ్ బుక్కులో ఉంటుంది. ట్రంకు పెట్టె అడుగున, దేవుడి పటాల వెనక, పాత ఎల్‌ఐసీ బాండ్ల కట్టలో చూడండి. భర్తీ అయిన తేదీ, ఊరు, తాలూకా, పోలీస్ స్టేషను, వారసుడి పేరు, గుర్తుపట్టే మచ్చలు, మెడల్స్, ‘క్యారెక్టర్’ అనే గడి, అన్నీ అందులోనే ఉంటాయి. ఖైదు సంగతి అందులో ఒక పొట్టి లైనుగా ఉండొచ్చు, ఉండకనూపోవచ్చు. లేదని దిగులుపడొద్దు.

డిశ్చార్జ్ బుక్కు లేకపోతే పెన్షన్ పీపీఓ, అంటే పెన్షన్ ఇమ్మని ఇచ్చిన ఉత్తర్వు, చూడండి. అదీ లేకపోతే మన జిల్లాల్లో చాలామందికి తట్టని చోటు ఒకటుంది: తహసీల్దారు ఆఫీసు. మిలిటరీ నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి డీకేటీ పట్టా కింద ప్రభుత్వ భూమి ఇచ్చారు. ఆ భూమి కోసం అర్జీ పెట్టినప్పుడు డిశ్చార్జ్ బుక్కు నకలు జతచేసింటారు. పట్టా నంబరు, సర్వే నంబరు పట్టుకొని పోతే ఆ ఫైలు కదిలే అవకాశం ఉంది. మీ చిన్నాయనలకు, మీకు ఆ భూమి మీద తగాదా ఉంటే మాత్రం ఎందుకు అడుగుతున్నారో ముందే ఇంట్లో చెప్పి పొండి, లేకపోతే కథ వేరే దారి పడుతుంది.

మెడల్స్ కూడా చదవాలి. స్వాతంత్ర్యం తర్వాత ఇచ్చిన మెడల్ అయితే దాని అంచు మీద, అంటే బిళ్ల మందం ఉన్న పక్కన, సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. పగలు కిటికీ దగ్గర నిలబడి, మెడల్‌ను వేళ్లతో అంచులు పట్టుకొని మెల్లగా తిప్పుతూ ఫోన్‌లో జూమ్ చేసి వీడియో తీయండి, తర్వాత ఆపి ఆపి చూస్తే అక్షరాలు ఒక్కొక్కటే బయటపడతాయి. దయచేసి చింతపండు పెట్టి తోమొద్దు. పండగ ముందు ఇత్తడి చెంబులతో పాటు మెడల్స్ కూడా పీచుతో తోమి తళతళలాడించి ఇచ్చిన అవ్వలను చూశాను, ఆ మెరుపుకు అంచు మీది పేరు సగం పోయింది. మెత్తటి పొడిగుడ్డ చాలు.

ఏ మెడలో తెలిస్తే ఎక్కడున్నాడో కొంత తెలుస్తుంది. ఆరు మొనల కంచు నక్షత్రాలు రెండో ప్రపంచయుద్ధానివి: ఆఫ్రికా స్టార్ అంటే ఎడారి వైపు, పసిఫిక్ స్టార్ అంటే మలయా, సింగపూర్ వైపు, బర్మా స్టార్ అంటే పేరులోనే ఉంది. సైన్య సేవా మెడల్ రిబ్బన్ మీద ‘నేఫా’ (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) అనో ‘హిమాలయ’ అనో పట్టీ ఉంటే ఆ కొండల్లో పనిచేశాడని అర్థం. సమర సేవా స్టార్ 1965ది. పూర్వీ, పశ్చిమీ స్టార్లు 1971వి.

ఇంకొకటి. ఇంట్లో ‘ఇన్‌ఫాంట్రీ’ అన్నారని అదే రాసేయొద్దు. మనవాళ్లలో శాపర్లుగా (సైన్యంలో రోడ్లు, వంతెనలు కట్టేవాళ్లు), సప్లై కోర్ డ్రైవర్లుగా పోయినవాళ్లు చాలామంది. నిజంగానే పదాతి దళమైతే మద్రాస్ రెజిమెంట్ కావచ్చు, లేదా అన్ని ప్రాంతాలవాళ్లనూ కలిపి 1949లో మొదలుపెట్టిన గార్డ్స్ కావచ్చు. మా అబ్బది గార్డ్స్. హిందూపురం, మడకశిర వైపువాళ్లైతే ఇంకో దారి కూడా చూడండి: ఆ ఊళ్లు మైసూరు సంస్థానం అంచునే ఉన్నాయి కాబట్టి అబ్బ మైసూరు ఇన్‌ఫాంట్రీలో చేరి ఉండొచ్చు. ఆ మొదటి బెటాలియన్ సింగపూర్‌లో ఉండగానే అక్కడ లొంగుబాటు జరిగింది. స్వాతంత్ర్యం తర్వాత ఆ దళం మద్రాస్ రెజిమెంట్‌లో కలిసిపోయింది.

ఏ యుద్ధం, ఎక్కడ పట్టుబడ్డాడు

ఇది తేలకపోతే మిగతా వెతుకులాట అంతా గాలిలో దీపమే. ముసలివాళ్లు తేదీలు చెప్పరు, సంవత్సరం పేరు చెప్తారు, లేదా ఆ ఏడు ఏం జరిగిందో చెప్తారు. దాన్ని పట్టుకోండి. ‘శుభకృత్‌లో టెలిగ్రాం వచ్చింది’ అంటే 1962 ఉగాది నుంచి 1963 ఉగాది లోపల. ‘వృష సంవత్సరం మాఘంలో కబురు ఆగిపోయింది’ అంటే 1942 తొలి నెలలు, సింగపూర్ సరిగ్గా అప్పుడే పడిపోయింది. ‘విరోధికృత్’ అంటే 1971. సంవత్సరం పేరు కూడా గుర్తులేనివాళ్లను అష్టగ్రహ కూటమి గురించి అడగండి. 1962 ఫిబ్రవరిలో లోకం మునిగిపోతుందని ఊరూరా యజ్ఞాలు, భజనలు చేశారు, దాన్ని మరిచిపోయిన ముసలివాళ్లు తక్కువ. ‘ఆ కూటమి అయినంక కొన్ని నెలలకే చైనా యుద్ధం’ అని మా అవ్వ లెక్క. దేశం కోసమని ఆడవాళ్లు గాజులు, ఉంగరాలు తీసిచ్చింది కూడా ఆ చలికాలంలోనే.

రెండో ప్రపంచయుద్ధమైతే ముఖ్యంగా రెండు దిక్కులు. తూర్పున 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది, మన సైనికులు నలభై వేల పైచిలుకు మంది ఒక్కసారిగా ఖైదీలయ్యారు. రెండు రోజుల తర్వాత వాళ్లను ఫారర్ పార్కులో కూర్చోబెట్టి జపాన్‌వాళ్లకు అప్పజెప్పారు, ఆజాద్ హింద్ ఫౌజ్ మొలకెత్తింది అక్కడే. అందులో చేరినవాళ్లున్నారు, చేరనివాళ్లున్నారు. చేరనివాళ్లలో వేలమందిని న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు ఓడల్లో తోలుకుపోయి కూలిపని చేయించారు, ఆకలికీ జబ్బులకూ ఎంతోమంది అక్కడే పోయారు. పడమట లిబియా ఎడారిలో 1942 జూన్ 21న టొబ్రుక్ పడిపోయినప్పుడు 11వ ఇండియన్ బ్రిగేడ్ దొరికిపోయింది. ఆ ఎడారిలో పట్టుబడినవాళ్లలో చాలామందిని ఇటలీకి తెచ్చారు. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక కొందరు కొండలు దాటి స్విట్జర్లాండ్‌లో పడ్డారు, కొందరిని జర్మన్లు తమ క్యాంపులకు లాక్కుపోయారు.

1962 సంగతి కొంచెం వివరంగా చెప్తా, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. అక్టోబరు 20న, ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని నామ్కా చూ అనే ఏటి దగ్గర మొదలైంది. నూలు బట్టలు, కాన్వాస్ బూట్లు, మనిషికి యాభై తూటాలు, ఇట్లా ఉన్నవాళ్లను ఆ ఎత్తులో నిలబెట్టారు. 7వ బ్రిగేడ్ మొత్తం చెదిరిపోయింది, దాని కమాండర్ బ్రిగేడియర్ జాన్ దల్వీ కూడా రెండు రోజులకే పట్టుబడ్డాడు. రెండో విడత నవంబరు నడిమధ్యలో. సే లా కనుమ పోయింది, దాని వెనక బోమ్డిలా పోయింది. బోమ్డిలా చూసుకోవాల్సిన 48వ బ్రిగేడ్‌లో 5 గార్డ్స్ (అంటే గార్డ్స్ ఐదో బెటాలియన్), 1 మద్రాస్, 1 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ఉన్నాయి, కాబట్టి మన వైపు మనుషులు ఎక్కువగా కనబడేది ఇక్కడ. 5 గార్డ్స్ నవంబరు 17న తెంబాంగ్ దగ్గర కొట్లాడి, తూటాలు అయిపోయి, చీకట్లో అడవిలోకి చెదిరిపోయింది. 21న చైనా తనంతట తానే కాల్పులు ఆపింది. మొత్తం మీద దాదాపు నాలుగు వేలమంది మనవాళ్లు ఖైదీలయ్యారు. టిబెట్‌లో పెట్టారు, ఆఫీసర్లను జవాన్లను వేరు చేశారు, ‘తప్పంతా మీ ప్రభుత్వానిదే’ అని రోజూ పాఠాలు చెప్పారు. గాయపడినవాళ్లను డిసెంబరులోనే పంపడం మొదలుపెట్టి, ఎక్కువమందిని 1963 వేసవిలోపు వదిలేశారు, దల్వీ మే 4న వచ్చాడు. వచ్చినవాళ్లను నేరుగా ఇంటికి పంపలేదు. అక్కడ మనసు విరిచి పంపారేమోనని మనవాళ్లే కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. మా అబ్బ ఖైదు గురించి ఎప్పుడన్నా నాలుగు మాటలు చెప్పేవాడు గానీ ఈ విచారణ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అవ్వ ద్వారా తెలిసింది, అదీ ఆయన పోయాక.

1971లో పడమటి సరిహద్దులో పట్టుబడిన మనవాళ్లు ఆరు వందల పైచిలుకు, 1972 డిసెంబరు 1న వాఘా దగ్గర తిరిగొచ్చారు. రానివాళ్లలో 54 మంది పేర్లతో ప్రభుత్వ జాబితా ఒకటుంది. మీ ఇంటి మనిషి ఆ జాబితాలో ఉంటే మీకు ఈ వ్యాసం అవసరం లేదు, ఇందులో ఉన్నవన్నీ మీరు ఎప్పుడో చేసి ఉంటారు.

మనిషి ఉంటే ఎట్లా అడగాలి

1971 వాళ్లు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు, ఎనభైకి అటూ ఇటూ. కాగితాల కంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. నలుగురు కలిసి పోవద్దు. మనవడొక్కడు, లేదా మనవరాలొక్కతే, మధ్యాహ్నం భోంచేసి పడుకొని లేచాక. ఫోన్ రికార్డింగ్ పెట్టేముందు అడిగి, బోర్లా పెట్టండి. వెలుగు మొహాన కొడితే మాట రాదు.

‘యుద్ధం ఎట్లుండె అబ్బా?’ అని అడిగితే వచ్చే జవాబు ‘ఏముంది రా, ఉండె’ అంతే. చిన్నవి అడగండి. పొద్దున ఏం పెట్టేవాళ్లు? దేంట్లో పెట్టేవాళ్లు, మగ్గా, రేకు డబ్బానా? కప్పుకోవడానికి ఏమిచ్చారు? పక్కన పడుకున్నది ఎవరు, ఏ ఊరాయన, ఏ భాష? తెలుగువాళ్లు ఇంకెవరన్నా ఉండిరా? నీళ్లకు ఎంతదూరం పోవాల్సొచ్చేది? కాపలావాళ్లలో కాస్త మంచోడు ఎవడన్నా ఉండెనా? ఇట్లాంటివాటికి మనిషి ఆలోచించకుండా జవాబు చెప్తాడు, ఆ జవాబుల వెనకే పెద్దవి వాటంతట అవే వస్తాయి. కొట్టారా, హింసించారా అని మీరై మీరు అడగొద్దు. ఆయన అక్కడిదాకా వచ్చి ఆగిపోతే మీరూ ఆగండి, టీ తెప్పించండి, వానల గురించి మాట్లాడండి. రాత్రి నిద్రపట్టక లేచి కూర్చుంటున్నాడని ఇంట్లోవాళ్లు చెప్తే ఇక ఆ వారం అడగొద్దు. కథ కోసం మనిషిని మళ్లీ క్యాంపులోకి తోయకూడదు కదా.

మనిషి లేకపోతే అవ్వలను అడగండి. ఆడవాళ్లకు తెలిసిన ఖైదు వేరేది. మనియార్డరు ఏ నెల ఆగిపోయింది, మళ్లీ ఎప్పుడొచ్చింది, ఎవరు చదివి చెప్పారు, తాళి సంగతి ఊళ్లోవాళ్లు ఏమన్నారు, వచ్చినప్పుడు మొదట ఏం తిన్నాడు. మా అవ్వకు పోస్ట్‌మ్యాన్ సైకిల్ రంగు గుర్తుంది గానీ టెలిగ్రాంలో ఏముందో గుర్తులేదు.

అలవాట్లు కూడా రాసుకోండి, అవి కాగితాల కంటే గట్టి సాక్ష్యం. మా అబ్బ మే నెలలో కూడా బూట్లు వేసుకొనే చేనికి పోయేవాడు. ప్రొద్దుటూరు ఎండ ఎట్లుంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిలిటరీవాళ్లంటే అంతే కాబోలు అనుకునేవాళ్లం. ఎడమకాలి బూటు మొనలో పాత పంచె ముక్క మడతపెట్టి కుక్కి ఉండేది, అవ్వ దాన్ని వారానికోసారి ఉతికి ఆరేసేది. మంచుకు రెండు వేళ్లు పోయాయని, చెప్పులేసుకుంటే కాలు జారుతుందని, ఊళ్లో ఎవరూ చూడకూడదని ఆ బూటు. డిశ్చార్జ్ బుక్కులో దీని గురించి లేదు.

ఎక్కడికి రాయాలి

కడప, కర్నూలు, అనంతపురం మూడింటిలోనూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. మొదట అక్కడికే. ఆయన పేరు, లేదా అవ్వ పేరు రిజిస్టరై ఉంటే యూనిట్, నంబరు వెంటనే తేలిపోతాయి. పోయేటప్పుడు డిశ్చార్జ్ బుక్కు జిరాక్సు, డెత్ సర్టిఫికెట్, సచివాలయంలో తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ ఆధార్ పట్టుకుపొండి. వేరే ఏదో ఆఫీసుకు పోతే ‘మా లిస్టులో లేడు’ అని పంపేస్తారు, నాకూ అయింది. వాళ్ల లిస్టులో లేకపోవడమంటే మిలిటరీలో లేడని కాదు.

తర్వాత రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్, గార్డ్స్‌ది నాగపూర్ దగ్గరి కాంప్టీ, మద్రాస్ శాపర్లది బెంగళూరు. రిజిస్టర్డ్ పోస్టులో, ఇంగ్లీషులో, ఒక పేజీ మించకుండా రాయండి: నంబరు, ర్యాంకు, పేరు, తండ్రి పేరు, ఊరు, భర్తీ అయిన ఏడు, మీరు ఆయనకు ఏమవుతారు, మీకు ఏం కావాలి. ‘మా తాత దేశానికి ఎంతో సేవ చేశాడు’ అని పేరాలు పేరాలు రాస్తే చదివే క్లర్కుకు విసుగు. పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు, ఇది నియమం. కాబట్టి ‘డాక్యుమెంట్స్ డిస్ట్రాయ్డ్’ అని జవాబొస్తే అక్కడితో ఆగొద్దు. ‘లాంగ్ రోల్’ అనే పెద్ద రిజిస్టరు ఒకటి శాశ్వతంగా ఉంచుతారు, అందులోని వివరాలు ఇవ్వమని పేరు పెట్టి అడగండి. ఆ రెండు మాటలు ఉత్తరంలో ఉంటే వచ్చే జవాబే వేరుగా ఉంటుంది. రెండు మూడు నెలలకూ ఉలుకు పలుకు లేకపోతే పది రూపాయలు కట్టి ఆర్టీఐ పెట్టండి, వారసులమని రుజువు జతచేయండి. 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదిక ఇవ్వండని మాత్రం ఆర్టీఐలో అడిగి టైం పోగొట్టుకోవద్దు. ప్రభుత్వం దాన్ని ఇంకా బయటపెట్టలేదు, మీ అబ్బ పేరు అందులో వెతుక్కునే అవసరమూ లేదు.

రెండో ప్రపంచయుద్ధం వాళ్ల కోసమైతే ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్. వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చొని ఉచితంగా వెతకొచ్చు, ఆజాద్ హింద్ ఫౌజ్ కాగితాలు కూడా అందులో ఉన్నాయి. జిల్లా పేరు ఇప్పటి స్పెల్లింగ్‌తో కాకుండా ఇంగ్లీషువాళ్లు రాసినట్టు, కడపను ‘సి’తో మొదలుపెట్టి రెండు ‘డి’లతో కొట్టి చూడండి. చనిపోయినవాళ్ల కోసమైతే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ ఉంది, సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద పేరున్నా అందులో కనబడుతుంది. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా రాసి ఉంటుంది. బతికి తిరిగొచ్చినవాళ్లు ఇందులో ఉండరు. లేరంటే సంతోషించాలి. జెనీవాలోని రెడ్‌క్రాస్ దగ్గర ఖైదీల కార్డులున్నాయి, కానీ ఏడాదిలో కొన్ని విడతలుగా, పరిమితంగానే అర్జీలు తీసుకుంటారు, తెరిచిన రోజే పెట్టుకోవాలి. ఇటలీ, జర్మనీల్లో ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. జపాన్ చేతిలో పడినవాళ్ల విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, ఎందుకంటే 1929 జెనీవా ఒప్పందం మీద జపాన్ సంతకమైతే చేసింది గానీ దాన్ని ఆమోదించనే లేదు, రెడ్‌క్రాస్‌ను చాలా క్యాంపుల దగ్గరికి రానివ్వలేదు.

పాత తెలుగు పత్రికలు కూడా తిరగేయండి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ 1962 నవంబరు నుంచి 1963 మే వరకు. పేరు దొరుకుతుందని కాదు, మీ ఇంట్లోవాళ్లు ఆ రోజుల్లో రచ్చకట్ట దగ్గర ఏ వార్త విని భయపడ్డారో తెలుస్తుంది.

రాసేటప్పుడు

ఒక పెద్ద నోట్‌బుక్కులో ఎడమ పేజీలో కాగితం చెప్పింది, కుడి పేజీలో మనిషి చెప్పింది రాసుకోండి. రెండూ కొట్టుకున్న చోట కొట్టేయకుండా అట్లాగే ఉంచి, పక్కన ఎవరు చెప్పారో రాయండి. మా ఇంట్లో పెద్దనాయన లెక్కకు అబ్బ ఖైదు రెండేళ్లు, తేదీల లెక్కకు ఆరు నెలలు దాటదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, పెద్దనాయనకు అప్పుడు ఏడేళ్లు, నాయన లేని కాలం అట్లాగే ఉంటుంది. రెండూ రాశాను.

నేతాజీ సైన్యం విషయంలో కొంచెం జాగ్రత్త. సింగపూర్‌లో పట్టుబడిన ప్రతి మనిషినీ ఇంటివాళ్లు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేర్చేస్తారు. నిజంగా ఉన్నవాళ్లైతే 1972 తామ్రపత్రమో, స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ కాగితమో ఉండొచ్చు, యుద్ధం తర్వాత బ్రిటిష్‌వాళ్లు ఎవరు ఎంత విధేయులో ‘తెలుపు, బూడిద, నలుపు’ అని రంగులు కట్టి విచారించిన జాడ ఉండొచ్చు. ఏ ఆధారమూ లేకపోతే ‘చేరాడని ఇంట్లో చెప్పుకుంటారు’ అని రాయండి చాలు. చేరనివాళ్లు దేశద్రోహులూ కాదు, చేరినవాళ్లు తిండికోసం పోయినవాళ్లూ కాదు. ఆకలితో, కాపలాతో నిలబడ్డ మనిషి తీసుకున్న నిర్ణయానికి ఫ్యాన్ కింద కూర్చొని మార్కులేయడానికి మనమెవరం?

ర్యాంకు పెంచొద్దు. సిపాయి అయితే సిపాయి అనే రాయండి. పట్టుబడ్డాడని రాయడానికి మొహమాటపడి ‘శత్రువులను చీల్చి చెండాడి’ అని తిప్పి రాసినవి చూశాను. లొంగిపొమ్మని ఆర్డరు పైనుంచి వస్తే సింగపూర్‌లో సిపాయి చేసేదేముంది, తూటాలు అయిపోతే తెంబాంగ్‌లో చేసేదేముంది. పట్టుబడ్డ తేదీ, చోటు తిన్నగా రాయండి. ఇక ఎవరన్నా వాట్సాప్ గ్రూపులో ‘లొంగిపోయినోడికి స్మారకమా’ అంటే జవాబు ఇవ్వకండి, గ్రూపు మ్యూట్ చేయండి.

రాయి, బడి, పెట్టె

మన సీమలో వీరగల్లులు లేని ఊరు తక్కువ, చెరువు కట్ట మీదో గుడి వెనకో కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉన్న రాయి ఒకటి నిలబడే ఉంటుంది. కాబట్టి రాయి పెట్టాలనిపించడం సహజం, ఫ్లెక్సీ కంటే వెయ్యిరెట్లు మేలు కూడా, ఫ్లెక్సీ మూడు నెలలకు చీలికలై కల్లంలో వడ్ల మీద కప్పడానికి పోతుంది. మన దగ్గర రాయికి కొదవ లేదు. నల్ల కడప బండ మీద చెక్కిస్తే అక్షరాలు బాగా నిలుస్తాయి, ఇంకా నునుపు కావాలంటే బేతంచెర్లలో పాలిష్ బండలు చూడండి, గ్రానైటే కావాలంటే తాడిపత్రి. చెక్కేవాడికి ఫోన్‌లో చెప్పొద్దు, వాట్సాప్‌లో టైపు చేసి కూడా పంపొద్దు. అసలు కొలతలో కాగితం మీద రాయించి, ఇంట్లో ముగ్గురు చదివి, సంతకం పెట్టి ఇవ్వండి. బండ మీద ఒత్తు తప్పుపోతే దిద్దే దారి లేదు.

ఏం రాయించాలంటే, నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంట్, ఊరు, పుట్టిన పోయిన ఏళ్లు, ‘1962 నవంబరులో పట్టుబడి 1963లో విడుదలై ఇంటికి వచ్చారు’ అని ఒక వాక్యం. కవిత్వం వద్దు.

సొంత చేనులో పెట్టుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. బడిలో అయితే హెడ్‌మాస్టరుతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి, పంచాయతీ స్థలమైతే తీర్మానం కావాలి. రోడ్డు పక్కన విగ్రహం అనే ఆలోచన వదిలేయండి, రోడ్ల మీద విగ్రహాలకు అనుమతులివ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది, పైగా రోడ్డు వెడల్పు చేసిన రోజు ఎవడో పీకి కాలవలో పడేస్తాడు. జాతీయ జెండాను ఫొటోకు కప్పడం, రాయిని ఆవిష్కరించడానికి ముసుగులా వాడటం కూడా చేయొద్దు, ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. తెల్లగుడ్డ చాలు.

కార్యక్రమం పెడితే చిన్నదిగా, బడిలో, పొద్దున్నే పెట్టండి. రోజు కావాలంటే డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినం, పిల్లలకు ఎట్లాగూ స్టిక్కర్లు పంచుతారు. లేదా ఆయన తిరిగొచ్చిన రోజు. నాయకులను పిలిస్తే మైకు వాళ్ల చేతికి పోతుంది, పన్నెండయినా వదలరు, ఎండకు పిల్లలు పడిపోతారు. పిలవక తప్పకపోతే చివర్లో మాట్లాడించండి. మొదట ఊళ్లో ఉన్న ఇంకో మాజీ సైనికుడితో మాట్లాడించండి, ఆయన లేచి నిలబడి సెల్యూట్ కొడితే బడి మొత్తం దానంతటదే నిశ్శబ్దమవుతుంది. మేము అబ్బ బూటు కూడా పట్టుకుపోయాం, అద్దాల పెట్టెలో పెట్టకుండా పిల్లల చేతికిచ్చాం. పంచె ముక్క తీసి చూసి, మళ్లీ జాగ్రత్తగా మడిచి లోపల పెట్టినవాళ్లున్నారు.

కాగితాలు దాచే పద్ధతి: లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. డిశ్చార్జ్ బుక్కును లామినేట్ చేయించి పోయినవాళ్లు మన జిల్లాల్లో లెక్కలేనంతమంది. పది పదిహేనేళ్లకు లోపల కాగితం పసుపెక్కి అంటుకుపోతుంది, విడదీయడానికి రాదు. స్కాన్ 600 డీపీఐలో చేయించి, ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఊరు దాటి వేరే ఇంట్లో ఉంచండి. అసలు కాగితాన్ని ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, పురుగు పట్టకుండా పెట్టెలో ఒక మూల ఎండిన వేపాకు వేస్తే చాలు. నాఫ్తలీన్ ఉండలు కాగితాన్ని తగలకుండా చూడండి. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టేముందు సర్వీస్ నంబరు, పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా కనబడకుండా నల్లగా కొట్టేయండి. అవ్వకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే ఇది తప్పనిసరి, ఆ నంబర్లు పట్టుకొని ‘లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్’ అని ఫోన్లు చేసే దొంగలు చాలామంది ఉన్నారు.

రాసింది అయిపోయాక ప్రింటు తీసి, మెడల్స్, డిశ్చార్జ్ బుక్కు ఫొటోలు జతచేసి, ఒక కాపీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, ఒకటి రెజిమెంటల్ సెంటర్‌కు, ఒకటి ఊరి బడి లైబ్రరీకి ఇవ్వండి. రెజిమెంటల్ సెంటర్‌కు పంపేదాంట్లో పక్కన పడుకున్నాయన పేరో ఊరో తెలిసి ఉంటే అదీ రాయండి. ఆయన మనవళ్లు కూడా ఎక్కడో వెతుకుతుండొచ్చు.